ఎడమ చెంప కరీంనగర్

మొన్న కంటి చుక్కల మందు కోసం అల్వాల్ పోయి, ఎండకు తట్టుకోలేక ఒక ఏసీ కటింగ్ షాపులోకి దూరాను. గడ్డం కూడా మాసే ఉంది కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేకపోయింది. కుర్చీ అచ్చం విమానంలో సీటులా ఉంది. నేను విమానం ఎక్కలేదనుకోండి. మా డాబా మీదుగా పోతుంటే చూస్తుంటాను, ఆ పాటి అనుభవంతో చెబుతున్నాను. అక్కడి పనివాడు నురగ రాశాడు, ఎడమ చెంప గీశాడు, కుడి చెంప గీశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి చిన్న కత్తెర తీసి, "మీసం సెట్ చేయమంటారా అంకుల్?" అన్నాడు.

చప్పున అతని మణికట్టు పట్టుకున్నాను.

"వద్దు బిడ్డా. దాని మీద ఫైసలా ఇంక గాలె."

మతి చెడిన ముసలివాళ్లను చూసే చూపు ఒకటి ఉంటుంది. ఆ చూపు చూసి, గుడ్డ దులిపి, నన్ను పంపించేశాడు.

తిరుగు బస్సులో చెంపలు తడుముకున్నాను. రెండూ నున్నగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క గాటు లేదు. ఎవరిదో ముఖం పొరపాటున నాకిచ్చి పంపినట్టుంది. ఎన్నో ఏళ్లు నా గడ్డం గీసిన మనిషి పోయిన నెలలో చనిపోయాడు. ఆయన కుర్చీలో కూర్చుంటే గడ్డం గీయించుకోవడమంటే పంచాయితీకి కూర్చోవడమే. ఎడమ చెంప మీద ఒక పక్షం వాదన, కుడి చెంప మీద రెండో పక్షం వాదన, తీర్పు మీసం దగ్గర. ఆ తీర్పు ఏనాడూ రాలేదు.

ఆయన షాపు శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు అంచున ఉండేది. ఒక అద్దం, ఒక కుర్చీ, వంతు కోసం కూర్చునే వాళ్లకు ఒక బల్ల. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పోస్ట్‌మాస్టర్‌గా చేశానని అందరికీ చెబుతుంటాను. జీవితమంతా ముద్రలు కొట్టిన గుమాస్తానని ఆయన ఒక్కడికే తెలుసు. మెడకు గుడ్డ కట్టేటప్పుడే, నా కుడి భుజం ఎడమ భుజం కన్నా లావుగా ఉందని కనిపెట్టాడు. అయినా "పోస్ట్‌మాస్టర్ సారూ" అనే పిలిచేవాడు. ఒకరి గొప్పను ఒకరు కాపాడుకునే స్నేహం మాది. నేను కాపాడాల్సిన ఆయన గొప్ప సంగతి తరువాత చెబుతాను.

పొట్టి మనిషి. భుజం మీద తువాల, జేబులో దువ్వెన. ఆ దువ్వెనను వాడే ముందు ఒకసారి నోటితో ఊదేవాడు, మాసిన దువ్వెనైనా కడిగిన దువ్వెనైనా. ఆయన ముఖం నేను ఎక్కువగా అద్దంలోనే చూశాను. అందువల్ల బజారులో ఎదురుపడినప్పుడల్లా పాపిడి పక్క మారినట్టు అనిపించి, ఒక్క క్షణం ఎవరో అనుకునేవాణ్ని.

రోడ్డు వెడల్పు చేస్తామని ఆఫీసువాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర గీతలు గీసిపోయినప్పటి నుంచి ఆయనకు ఈ తూకం మొదలైంది. గీత సరిగ్గా షాపు మధ్యలోంచి పోయింది.

"చూసినరా సారూ, అద్దం నాకిడిసిపెట్టిండ్రు. కుర్చీ తీస్కపోతరంట. ఇగ గిరాకీని గోడకు నిలవెట్టి గీకాలె," అని నవ్వించేవాడు. నవ్విన తరువాత దువ్వెన ఊదుతూ చాలాసేపు గీత వైపే చూసేవాడు.

తూకంలో అవతలి వైపు కరీంనగర్ ఉంది. ఆయన షడ్డకుడు, అంటే భార్య చెల్లెలి భర్త, అక్కడ బస్టాండు దగ్గర కటింగ్ షాపు నడుపుతున్నాడు. రెండు కుర్చీలు. ఒకటి ఖాళీ. "వచ్చి కూర్చో అన్నా" అని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఇక్కడ మెయిన్‌రోడ్డు మీద మళ్లీ ఒక గది దొరకడం ఆయన తాహతుకు అయ్యే పని కాదు. అందుకని పోవడమా, ఉండడమా అన్నది ఆయనకు సరదా కబురు కాదు. గోడ పడిపోయే లోపల తేల్చుకోవాల్సిన బతుకు.

ఎడమ చెంప మీద నురగ రాస్తూ మొదలుపెట్టేవాడు.

"పట్నమంత పెద్దగ ఉండదు, పల్లెంత చిన్నగ ఉండదు. కరీంనగర్ మనిషి కొలతకు కుట్టినట్టుంటది సారూ. ఏ మూలకు వోవాల్నన్నా ఆటో ఎక్కితె మాట ఒడువకముందే దిగుతం. ఈడ మేడ్చల్ వోయి రావాల్నంటె పొద్దుగూకుతది. ఆడ దవాఖాన దగ్గర, బజారు దగ్గర. గీ టిప్పర్ల దుమ్ము లేదు. నా పెండ్లాం చెల్లె ఆన్నే ఉండె. ఏమంటరు?"

గొంతు మీద బ్లేడు ఉన్నప్పుడు ఎవడైనా ఏమంటాడు? "ఊఁ" అంటాడు.

బ్లేడు కుడి చెంపకు మారేది.

"ఊఁ అంటిరి గని, ఆడ ఎండ జూసినరా? చుట్టు రాతిగుట్టలు. రాయి కాలినంక పొద్దుమీకినా సల్లారదు. ఈడ జెరంతసేపు గూసుంటె చెరువు మీదికెళ్లి గాలొస్తది. ఈడ ఎవరి నెత్తిమీద సుడి ఎటు తిరిగిందో నాకెరుక. ఆడ అన్ని కొత్త తలకాయలే. రేపు నాకు జరమొస్తె, ఏమాయెరా అని షట్టరు కొట్టేటోడు ఎవడున్నడు?"

దీనికీ "ఊఁ" అనేవాణ్ని. గదమ దగ్గర, అంటే చుబుకం దగ్గర, మౌనం. అక్కడ చర్మం మెత్తన, మాట్లాడకూడదు. తరువాత మీసం. కత్తెర తీసి, అద్దంలో నా ముఖాన్ని జడ్జి ఫైలును చూసినట్టు చూసి, కొసలు మాత్రం సవరించి, "ఈ పారికి గిట్లనే ఉండనీ. వచ్చే పారి సూద్దాం," అనేవాడు. నా మీసం ఈ జిల్లాలోనే పెద్దదై కూర్చోవడానికి కారణం ఇదే. జిల్లా అంటే మరీ ఎక్కువైంది. మా వీధిలో పెద్దది.

మా ఖాజా భాయి ఉన్నాడు, కూరగాయలు పండించే రైతు. ఆయనకు గడ్డమే తప్ప చెంపలు కనిపించవు. వంతు కోసం బల్ల మీద కూర్చుని ఒకనాడు పేచీ పెట్టాడు.

"నాకు చెంపలు లేకపాయె. మరి నా మీద పంచాయితీ ఎట్ల జేస్తవ్?"

"మీ మీద ఒకటే మాట భాయ్. ఉండుడే."

"అట్లయితె పోస్ట్‌మాస్టర్ సాబ్‌తోని గంటసేపు ఏం ముచ్చట? పోతె పో మియా, మేరీ దాఢీ భీ సాత్ లేకే జా! నా గడ్డం గూడ నీతోని పట్కపో!"

బల్ల మీద వాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూ కత్తెర కింద పెట్టాడు. ఆయన నవ్వేటప్పుడు కత్తెర పట్టుకోడు. ఎందుకో మా అందరికీ తెలుసు.

ఆయన కుడిచెయ్యి వణికేది.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మొదట చిటికెన వేలు, తరువాత మణికట్టు. ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ ఎవరమూ అడగలేదు. బ్లేడు చెంపకు తగలగానే ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాం. తల కొంచెం ఆయన వైపే వంచి, చెయ్యికి ఆనిక ఇచ్చేవాళ్లం. చౌరస్తా హోటలాయన ఆయనకు మాత్రం సగం గ్లాసు చాయే పోసి పంపేవాడు. నిండా పోస్తే గ్లాసు నోటి దాకా చేరే లోపల ఒలుకుతుంది. ఎవరూ చెప్పి చేయించిన ఏర్పాటు కాదు. ఎవరైనా కొత్తవాడు వచ్చి కూర్చుంటే ఖాజా భాయి బల్ల మీంచే, "గాయిన ఇయ్యాల మస్తు బిజీ ఉన్నడు, పైన ఇంకో షాపుంది సూస్కో," అని లేపేసేవాడు.

గాటు పడితే పటిక ముక్క తడిపి అద్ది, "గాలి మర్లింది సారూ," అనేవాడు, గాలి అటు తిరగబట్టే తెగిందన్నట్టు. ఆ షాపులో ఫ్యాను ఆగి ఉన్నప్పుడు కూడా గాలే మర్లేది. మేమూ గాలినే తిట్టుకునేవాళ్లం. నేను కాపాడాల్సిన గొప్ప అంటే ఇదే.

కాబట్టి తూకంలో ఆటోలు, ఎండ, దుమ్ము, చెరువు గాలి అన్నీ వేసేవాడు గానీ, అసలు రాయి ఏ పళ్లెంలోనూ వేసేవాడు కాదు.

ఆయన భార్య తుర్కపల్లిలో ఒక కంపెనీ క్యాంటీన్లో వంట చేసేది. పొద్దున్నే కంపెనీ బండి కోసం షాపు ముందే నిలబడి ఉండేది. ఒకరోజు నన్ను పట్టుకుంది.

"సారూ, మీరన్న జెప్పుండ్రి. గీ మనిషి కప్పల తక్కెడ వెట్టుకున్నడు. ఇటు ఒకటి వెడితె అటు ఒకటి దుంకవట్టె. మంగళారం మంగళారం కరీంనగర్ వోతడు. వొచ్చి, ఊరు మంచిగుందంటడు. మంచిగుంటె మూట గట్టరాదా?"

"నీ నౌకరి వోతదని ఆలోచిస్తున్నడేమొ చెల్లె?"

"నాదేముంది సారూ? ఆడ గూడ గంటె తిప్పుత. ఊరు మారితె అన్నం ఉడుకదా?"

షాపు లోపల్నుంచి ఆయన, "ఆమెకేం ఎరుక, నీళ్లు మారితె పప్పే ఉడుకది," అన్నాడు. బండి వచ్చింది, ఆమె ఎక్కేసింది. నాకు మాత్రం ఆ మంగళవారం దగ్గర ఏదో తట్టింది.

మా దగ్గర మంగళవారం కటింగ్ షాపులు బంద్. శామీర్‌పేటలో బంద్, అల్వాల్‌లో బంద్. కరీంనగర్‌లో మాత్రం తెరుస్తారా?

"నీ షడ్డకుని షాపు గిరాకీ ఎట్లుంది?" అని అడిగాను.

"బంద్ ఉండె సారూ."

"అంతకుముందు వోయినప్పుడు?"

"బందే ఉండె. మంగళారమాయె."

"మరి ఇన్నిసార్లు వోయి ఏం సూసొచ్చినవయ్యా?"

"ఊరు సూసిన. మస్తు శాంతంగ ఉంటది."

షట్టరు దించి ఉన్న షాపును, దాని ముందు ఖాళీ అరుగును చూసి, షడ్డకుని ఇంట్లో అన్నం తిని వచ్చేవాడన్నమాట. ఎడమ చెంప మీద ఇన్నాళ్లు నేను విన్న కరీంనగర్ అంతా మంగళవారపు కరీంనగర్. నేను ఎంత నవ్వానంటే కుర్చీలోంచి కింద పడ్డాను. పడలేదు, నురగ నోట్లోకి పోయింది. ఆయన నవ్వలేదు. దువ్వెన ఊదుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. షాపు తెరిచి ఉన్న రోజు పోతే, "ఏదీ అన్నా, ఒక గడ్డం గియ్యి" అని ఎవరైనా అనవచ్చు.

గోడలు కొట్టేది ఖాయమని కబురు వచ్చాక ఇక తప్పలేదు. ఒక బుధవారం ఆయన షట్టరు దించి కరీంనగర్ బయలుదేరాడు. పనిదినం షాపు మూసిన రోజు అదొక్కటే అయి ఉంటుంది. నేనూ వెంట పోయాను. కరీంనగర్‌లో నాకు ఒక చుట్టం ఉన్నాడని చెప్పాను. ఎవడూ లేడు.

బస్టాండు దగ్గర విడిపోయి, ఎదురుగా నీడలో నిలబడి చూస్తున్నాను. షాపు కళకళలాడుతోంది. షడ్డకుడు మంచి మనిషి, పెళ్లికి వచ్చిన బావమరిదిని పిలిచినంత ఆదరంగా ఆయన్ను లోపలికి తీసుకుపోయాడు. చాయ్ తెప్పించాడు. మర్యాద కొద్దీ అంచు దాకా నిండుగా పోసిన గ్లాసు. ఆయన దాని వైపు చూశాడు. చెయ్యి చాచలేదు. చాయ్ మీద తొరక కట్టే దాకా అలాగే ఉంది. శామీర్‌పేట నుంచి ఎంత దూరం వచ్చామో నాకు ఆ గ్లాసును చూశాకే తెలిసింది.

వంతు కోసం కూర్చున్న వాళ్లలో ఒకడు లేచి ఖాళీ కుర్చీ వైపు నడవబోయాడు. నేను రోడ్డు దాటి, వాణ్ని మోచేత్తో తప్పించి, అందులో కూలబడ్డాను.

"జల్దీ గియ్యుండ్రి, బస్సుంది," అన్నాను, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడిలా.

ఆయన నన్ను అద్దంలో చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. నురగ రాశాడు. ఎడమ చెంప మొదలుపెట్టాడు. కరీంనగర్ మాట లేదు, శామీర్‌పేట మాట లేదు. ఆ షాపులో ఆయన చెయ్యికి ఆనిక ఇవ్వడం తెలిసిన తలకాయ నాదొక్కటే. వీలైనంత వంచాను, ఊపిరి బిగబట్టాను. అయినా గదమ కింద తెగింది. నెత్తురు కాలువ కట్టింది. కాలువ కాదు, ఆవగింజంత చుక్క. కానీ రెండు కుర్చీలకు సరిపడే పెద్ద అద్దం, వెలుగు ఎక్కువ. అందరికీ కనిపించింది.

"అబ్బ, ఈ అన్నది ఏం చెయ్యి! వెన్నల కత్తి దిగినట్టే," అని గట్టిగా అన్నాను. "హైదరాబాద్‌ల గిట్లాంటి చెయ్యి లేదు."

షడ్డకుడు దూది తెచ్చి తనే అద్దాడు. ఒక్క మాట కూడా నొప్పించేలా అనలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నాడు.

"అన్నా, నువ్వు రా. కత్తెర వట్టకున్నా మంచిదే. గల్లా కాడ గూసొని మనుషులతోని ముచ్చటవెట్టు. నీ ఇల్లే అనుకో."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సిద్దిపేట దాటింది. నేను ఊరుకోలేక, "మంచిగనే అయింది గదా? నేనెవరో ఆనవాలు గూడ వట్టలె," అన్నాను.

"మంచిగ మెచ్చుకున్నరు సారూ," అన్నాడు. "ఇయ్యాల మీరు గూసున్నరు. రేపు పొద్దుగాల గా కుర్చీల ఎవడు గూసుంటడు?"

నా దగ్గర ఎప్పుడూ ఒక కోత ఉంటుంది, ఎంత పెద్ద మాటకైనా. ఆ రోజు మాత్రం చేతిలోని టికెట్టును మడత మీద మడత పెట్టాను.

"గల్లా కాడ గూసోమన్నడు," అన్నాడు మళ్లీ, కిటికీలోంచి చూస్తూ. "పాపం, మంచోడు."

గోడలు కొట్టేశారు. అద్దం నిజంగానే మిగిలింది, ఆయన చెప్పినట్టే. దాన్ని, కుర్చీని వెనక సందులో తాము అద్దెకుంటున్న ఇంటి అరుగు మీదికి చేర్చుకున్నాడు. మేకుకు అద్దం, దాని కింద కుర్చీ. బోర్డు లేదు, బల్ల లేదు. మేము నిలబడే వంతు కోసం చూసేవాళ్లం. తరువాత వంతు చూడాల్సిన పని లేకుండా పోయింది. కొందరు మెల్లగా వేరే దారి చూసుకున్నారు. వాళ్లనేమీ అనలేను, చెంపలు ఎవరివి వాళ్లవి. ఖాజా భాయి మాత్రం వచ్చేవాడు. నేను వచ్చేవాణ్ని. సగం గ్లాసు చాయ్ ఇప్పుడు భార్య ఇచ్చేది, పనికి పోయే ముందు.

విచిత్రమేమిటంటే, వాదన ఆగలేదు. ఎడమ చెంప వచ్చిందంటే కరీంనగర్ వచ్చేది. "ఇప్పుడన్న వోతె అయితుండె సారూ. దవాఖాన దగ్గర..." అని అలవాటుగా, నీరసంగా, చదివిన పాఠమే చదివే పిల్లవాడిలా చెప్పేవాడు. నేనూ నీరసంగా ఊఁ కొట్టేవాణ్ని. ఇద్దరికీ తెలుసు ఇక తేల్చాల్సిందేమీ లేదని. చెప్పుకోకపోతే మాత్రం గడ్డం గీయించుకుంటున్నట్టు ఉండదు.

వానలు పడే ముందు, ఒక ఉక్కపోత పొద్దున, ఎడమ చెంప అయ్యాక ఆగిపోయాడు. బ్లేడును నీళ్ల మగ్గులో పెట్టాడు. తువాలతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ.

"సారూ, కుడి చెంప మీరు జేస్కోండ్రి."

"ఎందుకు? అలిసినవా?"

"శామీర్‌పేట దిక్కు మాట్లాడుడు మీకే మంచిగొస్తది."

మేకు మీంచి అద్దం దించి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన ముఖాన్ని ఇన్నాళ్లు అద్దంలో చూశాను. ఇప్పుడు అద్దం పైన నేరుగా కనిపిస్తోంది, పాపిడి అటువైపు. కింద అద్దంలో నా ముఖం. అది వణుకుతోంది. నేను కదలకుండా కూర్చున్నాను, నా ముఖం ఊగుతోంది. సగం నున్నగా, సగం తెల్లని నురగతో.

బ్లేడు అందుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలి కదా, అది కుడి చెంప.

"ఈడి గాలి అమృతమయ్యా," అని మొదలుపెట్టాను. "చెరువు మీదికెళ్లి వొచ్చే గాలికి సగం రోగాలు వోతయి. ఈడి మనుషులా, బంగారం..."

"ఊఁ," అన్నాడు ఆయన.

"కరీంనగరోళ్లు గూడ మనం పోలేదని ఏడుస్తున్నరంట..."

"ఊఁ."

ఊగే అద్దంలో చూసుకుంటూ చెంప అంతా గీసుకున్నాను, ఒక్క గాటు కూడా పడలేదు అని రాద్దామని ఉంది. పడింది. చెవి కింద, బాగానే తెగింది.

ఆయన అద్దాన్ని ఒళ్లో బోర్లించాడు. పటిక ముక్క వెతికి, నీళ్లలో ముంచి, వణికే చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని గాటు మీద అద్దాడు. మంట తగ్గే దాకా అలాగే నొక్కి పట్టుకున్నాడు. మీసం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"గాలి మర్లింది సారూ," అన్నాడు.